బావ పంచెలతో కుట్టిన పొత్తిగుడ్డలు

పోయిన నెలంతా అనంతపురంలో మా పాప ఇంట్లో ఉన్నాను. పాప అంటే నా కడుపున పుట్టిన బిడ్డ కాదు, మా బావగారి కూతురు, నా తోటికోడలి బిడ్డ. దానికి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు కాబట్టి కాన్పు పనులు చూసుకోవడానికి చిన్నమ్మనైన నేనే పోయినాను. పోయిన రోజే, పసిదానికి పొత్తిగుడ్డలు కుడదాం, పాత నూలు బట్టలేమన్నా ఉంటే ఇవ్వమని అడిగితే, పాప బీరువా తెరిచి వెతికి వెతికి, ఇంట్లో ఒక్క నూలు బట్ట కూడా లేదని నవ్వి, మంచం కింద నుంచి ఒక పెద్ద ప్యాకెట్ లాగి నా ముందర పెట్టింది. డైపర్లు. ఒకటి చేతిలోకి తీసుకొని చూసినాను. ఎంత మెత్తగా ఉండాదో! బిడ్డ తడిపితే తడి పైకి తెలియదు, లోపలే ఎక్కడో దాక్కుంటుంది. తెల్లవారి చుట్టి సంచిలో వేస్తే చెత్త బండి వచ్చి తీసుకొని పోతుంది. అంతే. ఒక్క చుక్క నీళ్ళు ముట్టకుండానే పని అయిపోయింది.

ఇది మంచిదా చెడ్డదా అని వాదించడానికి నేను ఈ మాట ఎత్తలేదు. కరువు సీమలో బిడ్డల్ని పెంచిన నా ఈడు ఆడవాళ్ళకు, నీళ్ళు ముట్టకుండా బిడ్డ శుభ్రమవుతుందంటే అది వరమే. కానీ ఆ 'ఒక్క చుక్క' అనే మాట నా మనసులో పడినప్పటి నుంచి మా తోటికోడలు కళ్ళ ముందర నుంచి కదలడం లేదు. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఇక్కడ కూడా అక్క అనే చెప్తాను.

మాది యాడికి దగ్గర పల్లె. వాన పడితే వేరుశెనగ బుడ్డలు, పడకపోతే చేతులు ముడుచుకొని మోడం కోసం ఆకాశం వైపు చూడటం, ఇదే మా సేద్యం. నేను ఆ ఇంటికి చిన్నకోడలుగా పోయేసరికే వరసగా వానలు లేవు. అక్క నాకంటే ముందే ఆ ఇల్లు మెట్టినా చాలా ఏండ్లు కడుపు పండలేదు. ఎన్నో గుళ్ళు తిరిగినాక, చెట్టూ చేమా ఎండిపోయిన ఆ పాడు కాలంలోనే నీళ్ళు పోసుకుంది. బావ సంతోషం పట్టలేకపోయినాడు. బావ గురించి రెండు మాటలు చెప్పాలి. పెద్ద గొంతు మనిషి. చేను గట్టు మీద నిలబడి పిలిస్తే ఊర్లోకి వినపడేది. ఎప్పుడూ ప్యాంటు తొడగలేదు, పంచే కట్టేవాడు, అదీ మల్లెపువ్వు మాదిరి తెల్లగా ఉండాల. తెలుపు కొంచెం తగ్గినా, ఇదేం తెలుపు, దుమ్ములో పొర్లిన గొర్రె ఇంతకన్నా తెల్లగా ఉంటుంది అని అక్కను ఏడిపించేవాడు. కరువు ముదిరి తాగే నీళ్ళకే కటకట అయినాక ఆ వేళాకోళం ఆగిపోయింది. ఎర్రమట్టి రంగు తిరిగిన పంచెలనే నోరెత్తకుండా కట్టుకొని తిరిగినాడు.

మా చేన్లో మామ తండ్రి నాడు తవ్వించిన బావి ఒకటి ఉండేది. అది ఎండి అడుగున బండ బయటపడింది. మామ దాన్ని వదిలెయ్యమన్నాడు. బావ వినలేదు. ఇంకో రెండు నిలువులు దించితే జల తగలకుండా ఎక్కడికి పోతుంది, పసిబిడ్డ వచ్చే ఇంట్లో నీళ్ళు లేకపోతే ఎట్లా అని, క్రేన్ పెట్టించి కూలీలతో పని మొదలుపెట్టినాడు. ఒక మధ్యాహ్నం కూలీలు సద్ది తాగడానికి పైకి వచ్చినప్పుడు, అడుగున బండ సందులో చెమ్మ కనపడిందని ఎవరో అన్నారంట. ఆ మాట విని బావ కాళ్ళు నిలవలేదు. తానే చూస్తానని మెట్లు పట్టుకొని దిగినాడు. మందు పేల్చి పేల్చి వదులైపోయిన బావి దరి ఒక్కసారిగా కూలింది.

ఆయనను పైకి తీయడానికి మరుసటి రోజు సాయంత్రం దాకా పట్టింది. అక్కకు అప్పుడు ఎనిమిదో నెల. బావి దగ్గరికి ఆమెను ఎవరూ పోనీలేదు. మా అత్త ఆమె భుజం పట్టుకొని వసారాలో కూర్చుంది. ఇద్దరూ ఏడవలేదు. ఏడిస్తే ఆయన చచ్చిపోయినట్టు ఒప్పుకున్నట్టే అని అనుకున్నారేమో.

కర్మ అయిపోయినాక, చనిపోయిన మనిషి బట్టలు చాకలికి ఇచ్చెయ్యడం మా పక్క ఆచారం. బావ బట్టల మూట వసారాలో పెట్టినారు. మా అత్త ఆ మూట విప్పి, పంచెలన్నీ వేరుగా తీసి తన ఒడిలో పెట్టుకుంది. ఎదురింటి అవ్వ చూసి ఉలిక్కిపడింది.

"ఏందమ్మా అది? ఆయుస్సు తీరిన బట్టలు ఇంట్లో పెట్టుకుంటావా?"

"బిడ్డకు పొత్తిగుడ్డలు కుడతా" అనింది అత్త.

"నీకేమన్నా మతి పోయిందా? నిండా నూరేండ్లు బతికినోళ్ళ బట్టలు చుడతారు గానీ, ఇట్లాంటి బట్టలు పసిదానికి ఎవరన్నా చుడతారా?"

"నా కొడుకు రోగమొచ్చి పోలేదు, దొంగతనానికి పోయి చావలేదు. బిడ్డకు నాయన ఒడి ఎట్లాగూ లేదు. నాయన బట్టన్నా ఉండనీ."

నిజం చెప్పాలంటే వేరే దారి కూడా లేదు. అప్పటికే మా ఆడవాళ్ళ చీరలన్నీ నీళ్ళు పీల్చని నైలాను చీరలైపోయినాయి. అత్తకున్న నూలు చీరలు రెండూ ఆమె ఒంటి మీద మారడానికే చాలేవి కాదు. ఇంట్లో మెత్తని నూలు అంటే బావ పంచెలే. బిడ్డ పుట్టకముందే బట్టలు కుట్టకూడదని కూడా ఒక ఆచారం ఉంది కదా, దాన్నీ అత్త పక్కన పెట్టింది. నేను భయపడి గుర్తు చేస్తే, ఇంక రావాల్సిన కీడు ఏముండాదమ్మీ అని పంచె అంచు పళ్ళతో కొరికి, రెండు చేతులా పట్టుకొని చర్రుమని చించింది. ఆ చప్పుడుకు అక్క లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడింది. నా కొడుకు పంచెను నేనే చించుతా, మీరెవరూ ముట్టొద్దు అని అత్త అన్ని పంచెలనూ తానే చించింది.

కుట్టింది మాత్రం ముగ్గురం. మిషను లేదు, చేతికుట్టే. చదరపు ముక్కను మూలకు మడిచి, రెండు పొరల మధ్యన ఇంకో మడత పెట్టి, బిడ్డ ఒంటికి ఒరుసుకోకుండా కుట్లన్నీ పైవైపుకు వచ్చేట్టు వేసేవాళ్ళం. జరీ అంచు గరుకుగా ఉంటుందని కత్తిరించేసి, పంచె నడిమి మెత్తని బట్టనే సన్నగా చీల్చి నాడాలు చేసినాము. అక్క కుట్లు అందరికన్నా సన్నగా వచ్చేవి. అప్పుడప్పుడూ కుట్టడం ఆపి, బట్టను ముఖం దగ్గర పెట్టుకొని కాసేపు అట్లాగే ఉండిపోయేది. మేము చూడనట్టు తలలు వంచుకొనేవాళ్ళం.

పాప పుట్టింది. ముక్కూ నుదురూ అచ్చం బావే. ఏడుపు గొంతు కూడా ఆయనదే అని మామ తువ్వాలు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

అక్కడి నుంచి మొదలైంది మా యాతన. ఊరికి ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిన నాడు బిందెలతో కొట్లాడి పట్టుకున్న నీళ్ళు తాగడానికీ వంటకే సరి. బడి దగ్గర బోరింగులో వచ్చేవి ఉప్పునీళ్ళు. ఎంత రుద్దినా సబ్బు నురగ రాదు, నాపబండల మీద ఆరేస్తే గుడ్డలు అప్పడాల మాదిరి బిరుసెక్కేవి. ఒక్కోనాడు ఆ నీళ్ళు కూడా దొరక్క, ఉచ్చగుడ్డలను బూడిదతో రుద్ది, ఎండలో వేసి, దులిపి మళ్ళీ బిడ్డకు కట్టేవాళ్ళం. చదివే మీకు ముక్కు మూసుకోవాలనిపిస్తుందేమో. మాకూ అనిపించేది. కానీ ఏం చేస్తాము?

పాప తొడలు మొదట ఎర్రబడినాయి, తర్వాత పొక్కినాయి, ఆ తర్వాత చర్మం లేచి రసి కారడం మొదలైంది. గుడ్డ విప్పితే ఏడుపు, కడితే ఏడుపు. జ్వరం కూడా తగిలితే అక్కా నేనూ తాడిపత్రి ఆసుపత్రికి ఎత్తుకొని పోయినాము. డాక్టరు చూసి, గుడ్డలు శుభ్రంగా మంచినీళ్ళలో ఉతికి, ఉడకబెట్టి కట్టాలమ్మా, లేకపోతే చీము లోపలికి పోతుంది, బిడ్డ దక్కదు అని చెప్పి, పూతమందు రాసిచ్చినాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క ఉన్నట్టుండి నవ్వింది. బావ పోయినాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. "మందు రాసిచ్చినట్టే నీళ్ళు రాసిచ్చినాడు చూడు" అనింది.

మంచినీళ్ళు మా ఊర్లో ఒక్క చోటనే ఉన్నాయి. బావ పోయిన కొన్నాళ్ళకే ఆ బావిలో జల ఊరింది. ఆయన చూసిన చెమ్మ అబద్ధం కాదు. మామ కంప కొట్టించి బావికి అడ్డం వేయించినాడు. కానీ దాహం ముందర కంప ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఊరివాళ్ళు వచ్చి చేతులు జోడించినారు. మామ తానే కంప పక్కకు లాగినాడు. పసుపు నీళ్ళు చల్లి, గుమ్మడికాయ కొట్టి ఊరంతా చేదుకోవడం మొదలుపెట్టినారు. మా ఇంటివాళ్ళం మాత్రం అటు పోలేదు. ఆ నీళ్ళు ఇంట్లోకి రాకూడదని అత్త కట్టడి చేసింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మరుసటి ఉదయం అక్క గుడ్డల మూట నడుముకు ఎత్తుకొని బయలుదేరింది. ఎక్కడికని ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. అత్త వాకిట్లోకి అడ్డం వచ్చింది.

"ఆ నీళ్ళు ఈ గడప తొక్కకూడదని చెప్పినా కదా."

"గడపలోకి తేను అత్తా. ఆడనే ఉతికి, ఆడనే ఆరేసుకొని వస్తా."

అత్త పక్కకు జరిగింది. నేను పాపను ఆమె చేతికిచ్చి అక్క వెనకాల పోయినాను. బావి దగ్గర బిందెలతో ఉన్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి మాటలు ఆపేసి దారి వదిలినారు. ఒకామె తన చేంతాడు అక్క చేతిలో పెట్టి, ఓదార్పుగానే అనుకుంటాను, ఒక మాట అనింది.

"నీ మొగుడు పుణ్యాత్ముడమ్మా. పాణమిచ్చి ఊరికి నీళ్ళు తెచ్చినాడు."

అక్క చేంతాడు పట్టుకొని ఆమె వైపు తిరిగింది. "ఊరికి నీళ్ళు తెమ్మని నేను చెప్పలేదక్కా. సందేళకు ఇంటికి రమ్మని చెప్పినా."

అక్క లోపలికి తొంగి చూడకుండా, ముఖం పక్కకు తిప్పుకొని బకెట్టు దించి నీళ్ళు చేదింది. బండ మీద కూర్చొని మొదటి గుడ్డకు సబ్బు పెట్టింది. నురగ వచ్చింది. ఎన్ని నెలలైందో నురగ చూసి! జాడించి పిండితే, మరకలన్నీ వదిలి ఆ గుడ్డ తెల్లగా వచ్చింది, బావ కట్టుకొనే పంచె తెలుపు. అక్క దాన్ని రెండు చేతులతో పైకెత్తి చూసింది. అప్పుడు ఏడ్చింది. బావను బయటికి తీసిన నాడు ఏడవని మనిషి, మోకాళ్ళ మీద ఆ తడిగుడ్డ వేసుకొని, ముఖం దాంట్లో పెట్టి, ఊపిరి తిరగనంతగా ఏడ్చింది. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు బిందెలు కింద పెట్టి చుట్టూ కూర్చున్నారు. తరువాత కొంగుతో ముఖం తుడుచుకొని, మిగిలిన గుడ్డలన్నీ ఉతికే లేచింది.

పాప పుండ్లు మానినాయి. అక్క దినమూ ఆ బావి దగ్గరికి పోయి ఉతికి తెచ్చేది కానీ, ఆ నీళ్ళు ఒక్క గుక్క కూడా తాగింది లేదు. ఎండలో గొంతు పిడచకట్టుకొని పోయినా ఇంటికి వచ్చి ట్యాంకరు నీళ్ళే తాగేది. ఆ బావి కూడా ఎక్కువ కాలం నిలవలేదు. చుట్టూ బోర్లు పడేసరికి, పాప నడక నేర్చిన కొన్నాళ్ళకు మళ్ళీ అడుగు కనపడింది.

తరువాత సేద్యం మీద ఆశ వదులుకొని అక్క తాడిపత్రిలో నాపరాళ్ళ పాలిష్ పనికి చేరింది. రోజంతా రాళ్ళ మీద నీళ్ళు పారుతూ ఉంటే ఆ నీళ్ళలోనే నిలబడి పని. కాళ్ళ వేళ్ళ సందులు పాసిపోయి, రాతి దుమ్ముకు దగ్గు పట్టుకొని, పాపను డిగ్రీ దాకా చదివించి, దాని పెండ్లి చూడకుండానే పోయింది. అత్తా మామా అంతకు ముందే పోయినారు.

ఇదంతా మొన్న పసిదానికి స్నానం చేయిస్తూ పాపకు చెప్పినాను. నాయన బావిలో పోయినాడని దానికి తెలుసు, ఈ గుడ్డల సంగతి తెలియదు. ఒక్క గుడ్డన్నా దాచిపెట్టలేదా చిన్నమ్మా అని అడిగింది. లేదు. పొత్తిగుడ్డలు మసిగుడ్డలైనాయి, మసిగుడ్డలు ఇల్లలికే పేలికలైనాయి, పేలికలు ఏమైనాయో ఎవరికి గుర్తు? లేదని చెప్తే అది ముఖం తిప్పుకుంది.

ఇప్పుడు మా ఊర్లో ఇంటింటికీ కొళాయి ఉంది. నీళ్ళ కోసం ఏ ఇంటి మగవాడూ బావిలోకి దిగనక్కర లేదు. ఆ కాలమే బాగుండేదని నేను ఎప్పటికీ అనను, అన్న వాళ్ళతో కొట్లాడతాను కూడా. ఆ కాలం మా అక్కను నమిలి ఊసింది. అయినా ఒకటి మాత్రం మారింది. అప్పుడు మా ఊర్లో బిందె ఎత్తుకున్న ప్రతి ఆడదానికీ ఆ నీళ్ళ వెనకాల పోయిన మనిషెవరో తెలుసు, ఆయన పెండ్లాం ఎదురైతే దారి వదిలేది. ఇప్పుడు కొళాయి తిప్పితే వచ్చే నీళ్ళు ఏ ఊరివో, ఎవరి కడుపు కొట్టి వచ్చినవో నాకు తెలియదు, పాపకు తెలియదు, రేపు దాని బిడ్డకు అడగాలని కూడా తోచదు.