అల్జీర్స్ సంధులు చదివిన మా సార్

మా సార్ పోయిన కబురు నాకు కార్ఖానాలో తెలిసింది. సాంచాల మోతలో మా బామ్మర్ది నా బల్ల దగ్గరికి వచ్చి ఏదో అన్నాడు. వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయి, వెనక గోడలో ఉన్న దారి దగ్గర నిలబెట్టి, "బావా, సార్ పోయిండు" అన్నాడు. మేం నిలబడ్డ చోటుకు పక్కనే కొత్త ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఇసుక పోసి ఉంది. ఆ దారిని మూసేయడానికి కార్ఖానా యజమాని, మా చిన్న సేట్ తెప్పించినవి అవి. జ్వరం తగ్గగానే పోయి ఆయనతో మాట్లాడతానని సార్ అన్నాడు. జ్వరం తగ్గలేదు.

ఇది చదివేవాళ్ళలో బొంబాయి పక్కనున్న భివండీ చూసినవాళ్ళు ఉంటారు కానీ, టెంఘర్ వైపు మా చాల్, అంటే ఒకే వరస గదుల ఇళ్ళు, చూసినవాళ్ళు తక్కువ. అందుకని ఆ దారి సంగతి ముందే చెప్తాను. మా చాల్‌లో అందరం తెలుగువాళ్ళమే, కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాలు, అదే మేం సాంచాలు అంటాం, వాటిని నడపడానికి వచ్చినవాళ్ళం. చాల్ వెనక ఒక గోడ. గోడ అవతల సేట్ కార్ఖానా, దాని చుట్టూ ముస్లింల మొహల్లా. ఆ గోడలో ఒక మనిషి పట్టేంత దారి ఉంది. పాళీకి, అంటే షిఫ్టుకు, పోయేవాళ్ళు అందులోంచి పోతారు. అవతలి ఆడవాళ్ళు ఇవతలి పిండిగిర్నీకి అందులోంచే వస్తారు. అది లేకపోతే బజార్ రోడ్డు మీదుగా చుట్టూ తిరగాలి. పాళీ అంతా నిలబడ్డ కాళ్ళకు అది తక్కువ దూరం కాదు.

సార్ బెంగ మాత్రం దూరం గురించి కాదు. "దారి మూసుకపోతే వాళ్ళ మొఖాలు మనం మర్సిపోతం, మన మొఖాలు వాళ్ళు మర్సిపోతరు. మొఖం తెల్వనోనితోని కొట్లాట అల్కగ అయితది" అనేవాడు.

ఆయన భివండీలోనే ఒక తెలుగు బడిలో చరిత్ర చెప్పేవాడు. మా చాల్‌లో క్రైస్తవ కుటుంబం వాళ్ళది ఒక్కటే. వానాకాలం అయినా ఎండాకాలం అయినా చంకలో గొడుగు ఉండేది, దాన్ని విప్పగా నేను చూసింది అరుదు. కొత్తగా ఊరి నుంచి వచ్చినవాళ్ళను ఏ పనికి వచ్చావని అడిగేవాడు కాదు, అన్నం తిన్నావా అని అడిగేవాడు. నేను చిన్నప్పుడే బడి మానేసినవాణ్ణి. లెక్కలు రాసే పనిలో చేరాక, అంకెలు కాక అక్షరాలు కూడా కావాలనిపించింది. శుక్రవారం సాంచాలు బంద్ ఉంటాయి కాబట్టి ఆ రోజు వాళ్ళింటికి పోయేవాణ్ణి. తెలుగు అయ్యాక ఇంగ్లీషు మొదలుపెట్టించాడు. తప్పు చదివితే వేలు అక్కడే ఉంచేవాడు. సరిగ్గా చదివితే ఏమీ అనేవాడు కాదు, పేజీ తిప్పేవాడు. ఆ పేజీ తిరిగిన చప్పుడు కోసం నేను వారమంతా చదువుకునేవాణ్ణి.

మేం చదివింది ఒకే పుస్తకం. పాత కాగితాలు కొనే రద్దీ కొట్టులో సార్‌కు దొరికిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. అట్ట లేదు, ముందు పేజీలు లేవు, రాసిందెవరో సార్‌కు కూడా తెలియదు. అందులో ఉన్నవన్నీ సంధులు. మూడు నాలుగు వందల ఏళ్ళ కింద ఇంగ్లండ్, ఫ్రాన్స్, హాలండ్ వాళ్ళు మధ్యధరా సముద్రానికి అవతల, ఆఫ్రికా ఒడ్డునున్న ముస్లిం రాజ్యాలు అల్జీర్స్, ట్యూనిస్, ట్రిపోలీ, మొరాకోలతో చేసుకున్నవి. సంధి లేనప్పుడు ఒకరి ఓడలను ఒకరు పట్టుకునేవాళ్ళు. దొరికిన మనుషులను అమ్మేవాళ్ళు, తెడ్లకు గొలుసులతో కట్టి పడవలు నడిపించేవాళ్ళు. రెండు వైపులా అదే పని జరిగేదని సార్ ప్రతిసారీ గుర్తుచేసేవాడు. అంత చేసుకున్నవాళ్ళే కూర్చుని, మీ ఓడ మా రేవుకు రావచ్చు, మా సరుకు మీరు కొనవచ్చు, మీ ఓడ మా ఒడ్డున పగిలితే ఎవరూ దోచుకోరాదు అని రాసుకున్నారు.

"కొట్లాటలు అందరు చదువుతరు. కొట్లాట అయిపోయినంక మర్నాడు పొద్దుగాల ఎవరు ఎవరికి ఏం అమ్మిన్రో ఎవ్వరు చదువరు" అనేవాడు. వాళ్ళావిడను మేమంతా అమ్మ అంటాం. ఆమె వంటింట్లోంచి, "ఈయనకు మన దుకాణంల బియ్యం ధర తెల్వది గని అల్జీర్స్‌ల గోధుమల ధర అడుగు, చెప్తడు" అనేది. సార్ నిజంగానే చెప్పబోయేవాడు.

ఆ సంధులు చాలా వరకు తెగిపోయినవే. ఒక పేజీలో శాశ్వతంగా అని రాసుకుంటారు, నాలుగు పేజీల తర్వాత మళ్ళీ ఓడలు పట్టుకుంటారు. అలాంటప్పుడు వీటిని చదివి ఏం లాభమని ఒకసారి అడిగాను. నేను ఆయన్ని అడిగిన ప్రశ్నలు చాలా తక్కువ. ఆయన నా వైపు చూసి, "పోగు తెగిందని సాంచా పారేస్తమారా? ముడేసి నడుపుతం" అన్నాడు. అంతే చెప్పి పేజీ తిప్పాడు.

బొంబాయిలో హిందూ ముస్లిం గొడవలైన ఆ చలికాలం మా దగ్గర ఏమీ కాలలేదు. కానీ భయం వచ్చింది. గోడకు అటు వాళ్ళ కుర్రాళ్ళు, ఇటు మావాళ్ళు కాపలా నిలబడ్డారు. కొత్త మొహం కనపడితే ఇద్దరూ వదలరు. సాంచాలు ఆగాయి. కొందరు మూటలు కట్టుకుని ఊరి బండి ఎక్కారు. ఆ దారికి ఇటుకలు పెట్టేద్దామని మావాళ్ళు అన్నారు. అవతల కూడా అదే మాట నడుస్తోందని విన్నాం. అప్పుడు సార్ గొడుగు చంకన పెట్టుకుని, నన్ను వెంట రమ్మని, పెద్ద సేట్ ఇంటికి పోయాడు. ఇప్పటి చిన్న సేట్‌కు ఆయన తండ్రి. నన్ను తీసుకుపోయింది నేను ఆయన దగ్గర లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి. నేను అక్కడ నోరు విప్పింది లేదు.

సార్ హిందీలో ఓడల కథ చెప్పాడు. అల్జీర్స్ ఓడవాళ్ళకు ఇంగ్లీషు చదవడం రాదు. ఎదురొచ్చిన ఓడ సంధి ఉన్నవాళ్ళదో కాదో తెలియాలి. అందుకని ఇంగ్లండ్ వాళ్ళు తమ ఓడలకిచ్చే పత్రాన్ని పైభాగంలో వంకరటింకరగా కత్తిరించి, ఆ పై ముక్కలను అల్జీర్స్‌కు పంపేవాళ్ళు. సముద్రంలో ఓడను ఆపినప్పుడు ముక్కను పత్రం మీద పెట్టి చూస్తారు. అంచులు కలిస్తే వదిలేస్తారు. ఆపడానికి కూడా ఒక పద్ధతి ఉంది. తెడ్లు వేసేవాళ్ళు కాక ఇద్దరే ఆ ఓడ ఎక్కాలి, గుంపుగా ఎక్కరాదు.

పెద్ద సేట్ అంతా విని, ఆ అల్జీర్స్ వాళ్ళు మావాళ్ళేనా మాస్టర్‌జీ అని అడిగాడు. సార్, వాళ్ళు మీవాళ్ళు, ఇంగ్లండ్ వాళ్ళు మావాళ్ళు, అప్పుడు ఇద్దరమూ దొంగలమే అన్నాడు. ఆ రోజుల్లో నేను విన్న నవ్వు అదొక్కటే.

ఆ పద్ధతికి పెద్ద సేట్ ఒప్పుకున్నాడు. మా కాపలావాళ్ళకు ఉర్దూ రాదు, వాళ్ళకు తెలుగు రాదు, కాగితం రాసిచ్చి లాభం లేదు. సాంచా మీంచి దిగిన గ్రే గుడ్డను, అంటే చలవ చెయ్యని గుడ్డను, ఇంకా గంజితో బిరుసుగా ఉన్నదాన్ని, సార్ అట్టముక్క మీద గీసిన ఒకే వంకర గీత వెంబడి ఒక్కొక్కటిగా కత్తిరించాడు. అమ్మ కత్తెర మొద్దుబారిపోయింది. కింది ముక్క పనివాడి జేబులో, పై ముక్క గోడ దగ్గర కాపలావాళ్ళ చేతిలో. అడిగేది ఇద్దరే, మిగతావాళ్ళు దూరంగా ఉండాలి. పిండిగిర్నీకి వచ్చే అవతలి ఆడవాళ్ళకు ఇటువైపు కూడా అదే పద్ధతి. సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి.

తర్వాత జరిగింది మా బామ్మర్ది సంగతి. వాడు పాళీకి పోతుంటే అవతలి కాపలావాళ్ళు ఆపి, ముక్క మీద ముక్క పెట్టి చూశారు. కలవలేదు. చిన్నది కాదు, వేలెడు తేడా. దొంగ గుడ్డ అన్నారు, కార్ఖానా వరండాలో కూర్చోబెట్టారు. మా చాల్‌కు వచ్చేసరికి ఆ కబురు "మనోణ్ణి పట్టుకున్నరు" అని వచ్చింది. మావాళ్ళు కట్టెలు పట్టుకుని గోడ దగ్గరికి పరుగెత్తారు. అప్పటికే సార్ ఆ దారిలో నిలబడి ఉన్నాడు. అది ఒక మనిషి పట్టే దారి. ఆయన్ని నెట్టకుండా ఎవరూ పోలేరు, ఆయన్ని నెట్టే చెయ్యి మా చాల్‌లో లేదు.

"నేను పోయొస్త. నేను రాకపోతే అప్పుడు మీ ఇష్టం" అన్నాడు.

నేను ఆయన వెనకాల పోయాను. అవతలికి పోయి, పిల్లవాణ్ణి పంపండి, బదులుగా నేను కూర్చుంటాను అని వాళ్ళకు చెప్పాడు. అల్జీర్స్‌లో ఇంగ్లండ్ మనిషి ఒకడు ఎప్పుడూ ఉండేవాడని, సంధి చెడితే ముందు పట్టుకునేది అతణ్ణేనని, అది తెలిసే అతను అక్కడ కాపురం ఉండేవాడని చెప్పాడు. మా బామ్మర్ది, సార్‌ను వదిలి పోనని కూర్చున్నాడు. సార్ వాడి గుడ్డముక్క తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మీ ఇంటిది అంగీ ఉతికిందారా?"

"ఉతికింది సారూ. జేబులున్నదని తెల్వదు దానికి."

సార్ బకెట్‌తో నీళ్ళు తెప్పించి, కాపలావాళ్ళ ముక్కను అందులో ముంచాడు. అప్పుడు అర్థమైంది అందరికీ. గంజి పోయిన గ్రే గుడ్డ గుంజుకుపోతుందని అక్కడ తెలియనివాడు లేడు. అటు ఇటు ఉన్న అందరం పొద్దున లేస్తే చేసేది ఆ గుడ్డే. భయంలో ఒక్కడికీ గుర్తు రాలేదు. ముక్కను ఎండలో ఆరేశారు. అది ఆరేదాకా సార్ వాళ్ళ బల్ల మీదే కూర్చున్నాడు, గోడ ఇవతల మావాళ్ళు కట్టెలు దించకుండానే నిలబడ్డారు. ఆరాక కాపలా కుర్రాడు రెండూ కలిపి పెట్టి చాలాసేపు చూశాడు. చివరికి తల ఊపి, వాణ్ణి పనిలోకి పొమ్మన్నాడు.

తిరిగి వస్తూ సార్ నాతో, "అది కలువలేదు, చూసినవా? ఒక్క వంపు తప్పింది. ఆ పిల్లగాడు కలిసిందన్నడు. గంతే" అన్నాడు.

ఆ చలికాలం పోయాక గుడ్డముక్కల అవసరం పోయింది. సార్ అవతలికి పోయిరావడం మాత్రం మానలేదు. అల్జీర్స్‌లో కొత్త దొర గద్దె ఎక్కినప్పుడల్లా కానుకలు తీసుకుపోయి సంధిని మళ్ళీ ఖాయం చేసుకునేవాళ్ళట. క్రిస్మస్ పండుగకు అమ్మ చేసిన కేకు పట్టుకుని సార్ సేట్ ఇంటికి పోయేవాడు, ఈద్‌కు వాళ్ళ సేమియా పాయసం తెచ్చుకునేవాడు. కాపలా కుర్రాడు మారినా, పనివాళ్ళ మీది ముకాదం మారినా పోయి పలకరించేవాడు. పెద్ద సేట్ ప్రతిసారీ ఆ దొంగల సంధి ఎంతవరకు వచ్చింది మాస్టర్‌జీ అని అడిగేవాడు.

పెద్ద సేట్ పోయిన ఏడు చనిపోయాడు. గ్రే గుడ్డకు ధర లేదు. కాల్హేర్, మాన్కోలి వైపు పొలాలన్నీ గోదాములైపోయాయి. చిన్న సేట్ సగం కార్ఖానాను గోదాముకు ఇవ్వాలనుకున్నాడు. తీసుకునేవాళ్ళు కాంపౌండ్ అంతా మూసి ఉండాలన్నారు. ఇటుకలు వచ్చాయి. సార్ ఒకసారి పోయి చాలాసేపు కూర్చున్నాడు, చిన్న సేట్ పనిలో ఉన్నానని కబురు పంపాడు, బయటికి రాలేదు. సార్ నవ్వి, "కొత్త దొర గదా, టైం పడ్తది" అన్నాడు. ఆ వారంలోనే మంచం పట్టాడు. చివరి రోజుల్లో ఆయన అడిగినది ఒక్కటే, ఇటుకలు అట్లనే ఉన్నయా అని. ఉన్నాయనే చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

చర్చి నుంచి పెట్టె వచ్చింది. బజార్ రోడ్డు మీదుగా సమాధుల తోటకు తీసుకుపోదామని అందరూ అనుకుంటుంటే, అమ్మ, ఆయన పోయే దారిలోనే తీసుకుపొమ్మంది. ఎత్తుకుని గోడ దాకా పోయాం. భుజాల మీద పెట్టెతో ఆ దారిలో పట్టలేదు. ఎవరో, పక్కకు వంచితే పోతుందన్నారు.

"ఆయన్ను పక్కకు జేయకుండ్రి" అంది అమ్మ.

 అవతల చిన్న సేట్ టోపీ పెట్టుకుని తన పనివాళ్ళతో నిలబడి ఉన్నాడు. మా పిల్లలతో ఆడుకుంటూ పెరిగినవాడు, తెలుగు వస్తుంది. అమ్మ ఆ సందులోంచి అతన్ని చూసింది. అడగలేదు, పేరు పెట్టి పిలవలేదు. అతను కాసేపు ఇటుకల వైపు చూశాడు. దారి మూయడానికి పిలిపించిన మేస్త్రీ అక్కడే ఉన్నాడు. గోడ కొట్టమని అతనికి చెప్పాడు. ఎంత కొట్టాలని మేస్త్రీ అడిగితే, "పెట్టె పట్టేంత" అన్నాడు, తెలుగులోనే.

మేస్త్రీ సుత్తి తీశాడు. మేం భుజాలు మార్చుకుంటూ నిలబడ్డాం. పాత ఇటుకలు ఒక్కొక్కటే అటు కొన్ని, ఇటు కొన్ని పడ్డాయి.

దారి మూస్తాడో లేదో చిన్న సేట్ ఇంకా చెప్పలేదు. సార్ ఉంటే ఈ శుక్రవారం పోయి కూర్చునేవాడు. ఎవరో ఒకరు పోవాలి కాబట్టి నేను పోతున్నాను. ఏం మాట్లాడాలో నాకు తెలియదు. కళ్ళు మూసుకుంటే మాత్రం కనపడేది ఒక్కటే. కొట్టిన గోడలోంచి పెట్టె పక్కకు వంగకుండా, నెమ్మదిగా అవతలికి పోతోంది. దాని మీది తెల్లగుడ్డ మీద ఎర్రటి ఇటుకపొడి రాలుతోంది. అమ్మ కొంగుతో దులపబోయింది. మళ్ళీ ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుంది.