నజ్రాన్‌లో పన్నునొప్పి

చర్చి గుమ్మంలో చేతిలో శానిటైజర్ పోస్తారు. ఆ వాసనకి నాకు దేవుడి కన్నా ముందు నజ్రాన్ గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు అమ్మ సౌదీలో, ఖమీస్ ముషైత్ అనే ఊళ్లో నర్సు. ఆమె అరచేతులకి ఎప్పుడూ అదే వాసన. మా ప్రార్థన శుక్రవారాలు, ఇంట్లోనే. తలుపు కింద తువ్వాలు దోపి, గుసగుసగా పాడేవాళ్లం. అద్దె ఇల్లు కదా, ఓనరు తిడతాడేమో అనుకునేదాన్ని.

ఓ సెలవురోజు నాన్న మమ్మల్ని నజ్రాన్ శిథిలాలకి తీసుకెళ్లాడు. కూలిన రాతిగోడలు, అక్కడక్కడా నల్లటి మట్టి.

"ఒకప్పుడు ఇక్కడ మనవాళ్లుండేవాళ్లమ్మా. యేసుని కాదనమంటే అనలేదు. మంటల్లో వేసినా అనలేదు" అన్నాడు నాన్న.

మనవాళ్లదంటే సొంతిల్లే కదా! గొంతెత్తి పాట అందుకున్నాను. రెండో చరణం దాకా కూడా పోలేదు, అమ్మ అరచెయ్యి నా నోటిమీద పడింది. పెదవి చిట్లింది. చిట్లినచోట ఆ వాసనే భగ్గున మండింది.

నా ఏడుపు విని పాకిస్తానీ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "క్యా హువా బేటీ కో?"

"దాంత్ మే దర్ద్" అంటూ పన్నునొప్పి సాకు చెప్పింది అమ్మ, ఆ నల్లటి మట్టి మీదే నిలబడి.

పాపం, ఆయన తన నీళ్ల సీసా నాకిచ్చాడు.

ఆ దేశంలో మన ప్రార్థన బయట వినపడటమే నేరం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, పోయేది, అందరం ఇంటిదారి పట్టేవాళ్లం. ఆ సంగతి ఇప్పుడు తెలుసు. తెలిసినా మంట తగ్గలేదు.

ఇప్పుడు గుంటూరులో మా చర్చి మైకులు వీధి చివరిదాకా మోగుతాయి. అందరూ పాడుతుంటే నా పెదవులు ఊరికే కదులుతాయి. పక్కనుంచి అమ్మ మోచేత్తో పొడుస్తుంది.

"గట్టిగా పాడవే. దేవుడి దగ్గర సిగ్గేంటి?"