చట్రం మాత్రమే తుడిచే అక్క

ఆ బొమ్మను పాడుచేసింది నేనని జెద్దాలో ఆ రోజు చెప్పలేదు.

నేను డ్రైవర్‌గా ఉన్న ఇంట్లో విక్టోరియా రాణి కాలపు తైలవర్ణచిత్రం ఉండేది. అందులో ఒక తెల్లపాప. ఇంటిపని చేసే రాయచోటి అక్క పన్నెండేళ్లుగా దాని చట్రం మాత్రమే తుడిచేది. "రంగును ముట్టగూడదు నాయనా, పాపకు నొప్పి పుడతాది" అనేది.

దాన్ని వేలానికి పంపే రోజు, మెరవాలని కారు అద్దాలు తుడిచే మందు చల్లి రుద్దాను. పాప ముఖం చెరిగిపోయింది. అక్కే చేసిందనుకుని ఇంటి యజమానురాలు మేడమ్ వీసా రద్దు చేసి, ఎగ్జిట్ వేసి ఆమెను ఊరికి పంపేసింది. ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్లాను.

"పాప కండ్లన్నా మిగిలినాయా నాయనా?" అని దారిలో అడిగింది. నేను కారు వేగం పెంచాను.

మొన్న సెలవులో రాయచోటి వెళ్లి, ఆమె గడపలోనే నిలబడి చెప్పాను: "అక్కా, రుద్దింది నేను. నింద నీ మీద పడుతుంటే నోరు మూసుకున్నా. మన్నించు."