సీమ బెల్టుకు నువ్వులనూనె

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో కారున్న ఇంటికి ఎంత గౌరవమో, ఆ కారు నడిబజార్లో ఆగిపోయినప్పుడు అంత నవ్వులాట. మొన్న మీరిద్దరూ పూణే నుంచి ఫోను చేసి, మీ కారు ఇంజను బాగుకి కంపెనీ సామాను వేయించాలా, బయటిది సరిపోతుందా అని ఈ అమ్మమ్మ చెవిలోనే పోట్లాడుకున్నారు కదర్రా, వింటూ నాలో నేనే నవ్వుకున్నాను. ఆ గొడవ దేశానికి స్వరాజ్యం వచ్చిన కొత్తల్లోనే మనింట్లో జరిగింది. అందులో దోషిని నేనే.

మా నాన్నగారికి కిరాణా కొట్టుతో పాటు ఓ పాత కారుండేది. దాన్ని నడిపేదీ బాగుచేసేదీ ఒకరే. పిల్లలం ఆయన్ని స్పానర్ మావయ్య అనేవాళ్లం. ఒకసారి ఇంజను ముందు ఫ్యాను తిప్పే బెల్టు తెగింది. ఫ్యాను తిరక్కపోతే ఇంజను కాగిపోతుంది. నాన్నగారు ఇంగ్లండులో తయారైన సీమ బెల్టు కోసం మద్రాసుకి ఉత్తరం రాశారు. అది వచ్చేలోగా మావయ్య చెప్పులు కుట్టే తాతతో తోలు బెల్టు కుట్టించి బిగించాడు. "పాపా, తోలుకి వారం వారం నూనె పట్టించాల. లేకపోతే బీటలిస్తది" అని ఆ పని నాకు అప్పజెప్పాడు. (పదమూడేళ్ల దాన్ని. కారంతా నా చేతిమీదే నడుస్తోందన్నంత గర్వం.)

రెండు నెలలకి సీమ బెల్టు వచ్చింది. నల్లగా నిగనిగలాడే రబ్బరు.

"బిగించేదా శెట్టిగారూ?" అని మావయ్య నాన్నగారిని అడిగాడు.

"ఆగవయ్యా. రోజూ తిరిగే తిరుగుళ్లకి దాన్ని అరగ్గొడతామా? ఏదన్నా మంచి పనికి తీద్దాం."

పట్టుచీరలాగా దాన్నీ బీరువాలో పెట్టేశారు. నాటుదానికి అంత సేవ చేస్తూ బీరువాలోని సీమ దొరగారిని ఎండబెట్టడం న్యాయమా అనిపించింది నాకు. ప్రతి శుక్రవారం తలంటుకి తెచ్చుకున్న నువ్వులనూనెలో కాస్త మిగిల్చి, దానికీ బాగా రుద్దేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చేసిన మంచి చెప్పుకోకూడదు కదా.

ఆ మంచి పనేదో నాదే అయింది. నందిగామ హైస్కూల్లో చేరడానికి పరీక్ష. "ఈ ఒక్కసారే పంపుతున్నా. ఇది తప్పితే ఇహ చదువు మాటెత్తకు" అన్నారు నాన్నగారు. పరీక్ష రోజు పొద్దున్నే సీమ బెల్టు బిగించారు. తోలుది పారెయ్యమంటే మావయ్య మనసొప్పక, జారిపోయే తన ఖాకీ నిక్కరుకి చుట్టుకున్నాడు.

చిల్లకల్లు దాటామో లేదో, బండి ముందు నుంచి బుస్సుమని ఆవిరి. మావయ్య ఇంజను పైరేకు ఎత్తి చూస్తే, సీమ బెల్టు ఉబ్బి, సాగి, జారిపోతోంది. బయటికి తీసి వాసన చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నా నూనె జడలు రెండూ బరువెక్కాయి. తోలుకి ప్రాణం పోసే నూనె రబ్బరుకి విషమని నాకప్పుడే తెలిసింది.

"ఏమైందయ్యా? సీమ సరుకే గదా?" అన్నారు నాన్నగారు.

మావయ్య ఇంకోసారి నన్ను చూశాడు. "మన ఎండలు దానికి పడలేదండీ" అన్నాడు.

నడుముకున్న తోలు బెల్టు విప్పాడు. నిక్కరు జారబోతే మోచేత్తో అదిమి పట్టి, "పాపా, నీ రిబ్బనొకటి ఇట్టా ఇయ్యి" అన్నాడు. నా ఎర్ర రిబ్బనుతో నిక్కరు బిగించుకుని, ఇంజను చల్లారాక పక్క చేలో బావినీళ్లు పోసి, తోలు బెల్టు తగిలించాడు. నందిగామ చేరేసరికి గంట కొడుతున్నారు. ఒక జడ అల్లి, ఒక జడ విరబోసుకుని పరీక్ష రాశాను. ప్యాసయ్యాను.

ఆ తర్వాత నాన్నగారు కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ, "సీమదంతా పైమెరుగండీ, మన నాటుదే గట్టిది" అని చెప్పేవారు. నేను తలొంచుకుని పొట్లాలు కట్టేదాన్ని. ఆయన పోయేదాకా నిజం చెప్పలేదు. మావయ్యా చెప్పలేదు. నేనూ ఆ రిబ్బను తిరిగి అడగలేదు.

మీరు కంపెనీదే వేయించుకుంటారో, బయటిదే వేయించుకుంటారో నాకు తెలీదు నాయనా. ఇప్పటికీ తలకి నూనె రాసుకుంటుంటే ఆ బెల్టు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంత శ్రద్ధగా చెడగొట్టడం ఆ వయసులోనే కుదురుతుంది.