బొటనవేలు చుట్టకూడదు

మొన్న మా మనవడి ట్రాక్టరు బరువు లాగడం లేదంటే మెకానిక్ ఇంటికే వచ్చి, ఇంజనుకు ఒక మీటరు బిగించి, ముల్లు చూసి కంప్రెషన్, అంటే లోపలి గాలి బిగువు, పోయిందని తేల్చేశాడు. గుమ్మఘట్ట దగ్గర మా మెట్టినింట్లో ఆ పనే వట్టి చేత్తో చేసిన రోజులు నాకు గుర్తొచ్చాయి. మీ బావిగట్టున కూడా ఆయిల్ ఇంజను ఉండే ఉంటుంది, దాని హ్యాండిల్ దెబ్బ తిన్నవాళ్లూ ఉండే ఉంటారు.

మా ఇంట్లో ఆ దెబ్బ తిన్నది మా ఆయన. హ్యాండిల్‌కు బొటనవేలు చుట్టకూడదని మా నాయన నాకు పెళ్లికి ముందే ఇంజను పనితో పాటు నేర్పిన సంగతి చెబితే, ఆడవాళ్ల మాటేమిటని చెవిన పెట్టలేదు. అది ఎదురుతన్ని ఆయన మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని కూర్చున్న ఆ రోజుల్లోనే, పక్క చేనివాళ్లు తిప్పిపెడితే నడుస్తున్న ఇంజను కూడా ఒకనాడు మొండికేసింది. రాగి పైరేమో పాలకంకి మీద ఉంది. ఇంజనును బండికెత్తి అనంతపురం తీసుకెళ్లి బాగుచేయించేసరికి పైరు మాడిపోతుంది, ఆ ఏడు మాకు తిండిగింజ ఉండదు.

నేను చూస్తానంటే మా అత్త లబోదిబోమంది. "నీ చెయ్యి గూడా ఇరిగితే ఇంట్లో సంగటి యెవురు కెలుకుతారే? ఆడదానికి యాడన్నా ఇంజన్ పనులుండాయా?"

రోజూ సంగటి కెలికే చేతులకు హ్యాండిల్ ఒక లెక్కా అనుకున్నాను. గాజులు తియ్యకూడదు కాబట్టి వాటి మీద గుడ్డ చుట్టి, ఇంజను హఠాత్తుగా అందుకోకుండా ముందు నూనె కుళాయి కట్టేసి, అయిదు వేళ్లూ ఒకే వైపు ఉంచి మెల్లగా పైకి లాగాను. గాలి బిగువు ఎదురునెట్టాల్సిన చోట చేతికి ఏ బరువూ తగల్లేదు, పొగగొట్టంలోంచి మాత్రం బుస్సుమని గాలి పోయింది. మసి పట్టి, పొగ వదిలే వాల్వు మూసుకోవడం లేదన్నమాట. దాని మీద కిరసనాయిలు పోసి, నానాక కొయ్యతో తట్టి తట్టి వదులు చేసి మళ్లీ తిప్పితే, హ్యాండిల్ నా చేతిని గట్టిగా వెనక్కి నెట్టింది. అప్పుడు కలిగిన సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

కుళాయి వదిలి తిప్పితే ఇంజను అందుకుంది, కాలువలో నీళ్లు పడ్డాయి. మా ఆయన కట్టు చేత్తోనే దగ్గరికొచ్చి, "ఆ యేలు యెట్ల పెట్టినావో నాకూ జూపిచ్చు" అన్నారు.

ఆ తర్వాత చుట్టుపక్కల ఏ ఇంజను మొరాయించినా నన్నే పిలిచేవారు, ఆయనే ముందు నడిచి తీసుకెళ్లేవారు. ఇప్పుడు ఆయన లేరు, బావులెండిపోయి ఆ ఇంజన్లన్నీ పాత ఇనుముకు పోయాయి. అయినా ఎక్కడైనా యంత్రం ఆగిపోయిందని వింటే చాలు, నన్ను పిలుస్తారేమోనని కాసేపు వాకిట్లో నిలబడతాను.