ఆర్నీ అగ్గిపెట్టె

ఆర్నీ ట్రెలోర్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే: ఈగలు. ఆల్బనీ ఊళ్లో మా వీధివాళ్లు ఒకరి తలుపొకరు తట్టేది పంచదారకో పాలకో. డెబ్బై దాటిన ఆర్నీ మాత్రం అగ్గిపెట్టె పట్టుకుని చచ్చిన ఈగల కోసం తట్టేవాడు.

“మా మొక్కలకి ఆకలమ్మా!” అనేవాడు. ఆయన పెరటి చివర బురదలో బొటనవేలంత కూజాల్లాంటి ఆకులున్న మొక్కలు ఉండేవి. “ఆ మట్టిలో సారం లేదు. అందుకని కూజా అంచుకి తేనె రాసుకుని కూచుంటాయి. పురుగు నాకడానికొస్తుంది, కాలు జారుతుంది, లోపలి పులుసులో పడుతుంది. పైకెక్కుదామంటే అంచు చుట్టూ లోపలికి వంగిన కోరలు! కొన్నాళ్లకి కరిగి జావైపోతుంది, మొక్క తాగేస్తుంది.” ఇదంతా ఎదుటివాళ్లు సూప్ తాగుతుండగానే చెప్పేవాడు.

మా వీధిలోనే ఉండే కాలిన్ అంత్యక్రియల్లో అయితే, పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టారో లేదో, శవపేటిక మీద ఫట్‌మని చప్పుడు! అందరూ కళ్లు తెరిచారు. ఆర్నీ అగ్గిపెట్టె మూస్తున్నాడు.

“కాలిన్ ఏమీ అనుకోడులే,” అన్నాడు.

కాలిన్ అనుకోడు సరే, ఆయన భార్య మావిస్ అనుకుంది. ఈ మనిషిని గడప తొక్కనివ్వనని ఒట్టు పెట్టుకుంది. మర్నాడు పదింటికి జాలీ తలుపు మీద టకటక.

“మా ఇంట్లో ఈగల్లేవు!”

“ఒక్కటి కూడా?”

“ఇదేమన్నా చేపల దుకాణమా? ముప్పై ఏళ్లుగా ఈ తలుపు బార్లా తీసిపెట్టిన పాపాన పోలేదు.”

“కిటికీ మూల చూడు తల్లీ.”

మావిస్ తిట్టుకుంటూ వెళ్లి చూసొచ్చేసరికి, ఆర్నీ వంటింట్లో కెటిల్ పెట్టేసి, బ్రెడ్డు కాల్చి వెన్న రాస్తున్నాడు. “ఒక్కణ్ణే తింటే నాకు అరగదు,” అంటూ రెండో ముక్క ఆమె నోటికి అందించినంత పని చేశాడు. కాలిన్ పోయిన దగ్గర్నుంచీ ఆమె పొయ్యి జోలికి పోలేదు. తిట్టాలంటే నోరు ఖాళీ కావాలి గనక ఆ ముక్క నమిలి మింగింది.

ఈగ దొరకలేదు. కాబట్టి మర్నాడు మళ్లీ వచ్చాడు. అలా ఏడు నెలలు!

ఒకరోజు అగ్గిపెట్టె మరిచిపోయాడు. మావిస్ దాన్ని రెండువేళ్లతో పట్టుకుని ఆయన పెరట్లోకి వెళ్లింది. చీమలు బారుగా నడిచొచ్చి, ఎవరూ పిలవకుండానే కూజాల్లోకి జారుతున్నాయి. పక్కన అలమర నిండా అగ్గిపెట్టెలు. ఒక్కో దాని మీద ఒక్కో పేరు: బెరిల్, టెడ్ హోస్కింగ్, ముసలి ఐవీ... అందరూ ఒంటిగా ఉండేవాళ్లే. లోపల ఈగలు ఎండి గలగలమంటున్నాయి.

“వీటికి చీమలు చాలు కదయ్యా! ఈగలెందుకు?”

ఆర్నీ చెవులు ఎర్రబడ్డాయి. “ఈగ వేస్తే... కూజా కుళ్లిపోతుంది.”

“అబద్ధాలకోరు!” అని విసవిసా వచ్చేసింది.

మర్నాడు పదైంది. టకటక లేదు. పదింబావైంది. దొంగ దొరికిపోయాడు, ఇంక ఏ మొహం పెట్టుకుని వస్తాడు? బల్ల మీద చూస్తే, తనకి తెలియకుండానే కాల్చిన రెండు బ్రెడ్డు ముక్కలు చల్లారిపోతున్నాయి.

మావిస్ లేచింది. జాలీ తలుపు బార్లా తీసి, మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టింది. గడప అంచున సాసరు నిండా జామ్ పెట్టింది. తర్వాత ఫోన్ తీసింది.

“ఏమోయ్ ఆర్నీ, మా ఇంటినిండా ఈగలు! పరువు పోతోంది, ఎవరికీ చెప్పకు. పెద్ద పెట్టె పట్టుకుని వెంటనే రా.”