మేకపోతుకు నిలబడడం నేర్పిన సంగతి

పెన్సిల్‌తో జంతువుల బొమ్మలు వేయడం నేర్చుకోవాలనుకున్నప్పుడు నాకు దొరికిన మొదటి మోడల్ మా ఓనరమ్మ వాళ్ల మేకపోతు. ఖాజాగూడలో వాళ్ల ఇంటి రెండో అంతస్తులో కిరాయికి ఉంటాను. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం, వారంలో సగం రోజులు ఇంటి నుంచే. ఫోన్లో ఫొటో చూసి గీయొచ్చు కదా అంటారు అందరూ. పొద్దంతా స్క్రీన్ చూసే కళ్లకు మళ్లీ స్క్రీనేనా? ఒళ్లు మండుతుంది నాకు. మెట్ల కింద ప్రాణమున్న మేక ఉండగా ఫొటో ఎందుకని, పొద్దున్నే కాఫీ గ్లాసూ స్కెచ్‌బుక్కూ పట్టుకుని దిగేదాన్ని.

మొదటి బొమ్మ చూసి ఓనరమ్మ కడుపుబ్బా నవ్వింది. "ఏంది బిడ్డా, గిది మా మేకనా, మా ఆడబిడ్డనా?"

ఆమె అన్నదాంట్లో తప్పులేదు. మేక కంట్లో నల్లగుడ్డు అడ్డంగా, పలకగా ఉంటుంది. నేను అలవాటుకొద్దీ గుండ్రంగా పెట్టేశాను. దాంతో మేక మొహానికి మనిషి చూపు వచ్చింది. ఇంకో తంటా వెంట్రుకలు. ఒక్కొక్కటే గీస్తూ కూర్చుంటే మేక కాస్తా చీపురుకట్టలా తయారైంది. కళ్లు సగం మూసి చూడాలని, అప్పుడు వెంట్రుకలు పోయి వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయని మెల్లగా తెలిసింది. వెలుగు పడ్డచోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. నాలాంటి తొందరమనిషికి చేతులు కట్టుకుని కూర్చోవడమంటే శిక్షే.

ఇంతా చేస్తే మేక కుదురుగా ఉండదు. చెవి గీసేలోపు తల తిప్పేది. విసుగొచ్చి, కడప నుంచి అమ్మ పంపిన వేయించిన చెనిక్కాయలు తెచ్చి, కదలకుండా నిలబడితేనే పెట్టడం మొదలుపెట్టాను. అది నాకంటే త్వరగా నేర్చుకుంది. కొన్ని వారాలకు, నేను ఎదురుగా వచ్చి నిలబడితే చాలు, ఈగలు వాలినా తల విదిలించేది కాదు. ఓనరమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ చూసి ముచ్చటపడేది.

"నిన్ను చూస్తే సాలు, గుండురాయి లెక్క నిలవడ్తది," అనేది.

ఆ రోజుల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను. మేక ముక్కు మీద తడి మెరుపు కుదిరిన పూట, ఆఫీసు కాల్‌లో మేనేజర్ ఏమన్నాడో ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు.

ఆ మేకను ఎందుకు పెంచుతున్నారో నాకు తెలియక కాదు. కోడలి కాన్పు చల్లగా జరిగితే బోనాలకు మేకపోతును ఇస్తానని ఓనరమ్మ పోచమ్మకు మొక్కుకుంది. మనవరాలు పుట్టింది, మేక వచ్చింది. తెలిసీ తలచుకోలేదు, అంతే. ఆషాఢం దగ్గరపడుతున్నకొద్దీ ఆమె దానికి తవుడు ఎక్కువ పెట్టింది. దాని పక్కన కూర్చోవడం కూడా ఎక్కువైంది. "మొక్కు మొక్కే గద బిడ్డా," అంది ఒకరోజు, నేను అడక్కుండానే.

బోనాల రోజు గుడి ముందు మేకను నిలబెట్టి మెడలో వేపమండలు కట్టారు. నెత్తి మీద పసుపునీళ్లు పోస్తే అది ఒళ్లు దులుపుకోవాలి. దులుపుకుంటే అమ్మ ఒప్పుకున్నట్టు. అప్పుడే కత్తి లేస్తుంది. చూడలేనని అనుకుంటూనే వెళ్లి ఓనరమ్మ పక్కన నిలబడ్డాను. ఆమె మరిది చెంబుతో నీళ్లు పోశాడు. అప్పుడే మేక నన్ను చూసింది. చెవుల మీంచి నీళ్లు కారుతున్నా నా చేతివంకే చూస్తూ నిలబడిపోయింది. మళ్లీ పోశాడు. కదల్లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. డప్పు ఆగింది.

నా వల్లేనని అర్థమైంది. నేను తప్పుకుంటే అది ఒళ్లు దులుపుకుంటుంది, మొక్కు తీరుతుంది. ఇక్కడే ఉంటే అది బతుకుతుంది, కానీ చంటిబిడ్డ కోసం మొక్కిన మొక్కు నా చెనిక్కాయల వల్ల చెడుతుంది. అమ్మవారికీ ఆమెకూ మధ్య నేనెవరిని? వెనక్కి ఒక అడుగు వేశాను.

ఓనరమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నా వైపు చూడలేదు. చూపు అమ్మవారి మీదే ఉంది.

"యాడికి? ఈడ్నే నిలవడు," అంది, నాకు మాత్రమే వినపడేలా.

మూడోసారి నీళ్లు పోశారు. మేక రెప్ప కూడా వేయలేదు. మరిది చెంబు కింద పెట్టి, "అమ్మకు గిది వద్దంట. ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు.

అప్పుడు గానీ ఆమె నా చెయ్యి వదల్లేదు.